కొత్తవారికి ఏ తరహా మెంటరింగ్ మేలు: ఓపెన్ సోర్స్, వికీ బృందాల కోసం ఒక పోలిక

హైదరాబాదులో ఓపెన్ సోర్స్ (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టులు నడిపేవారికీ, తెలుగు వికీపీడియా, వికీసోర్స్ (స్కాన్ చేసిన పుస్తకాలను అక్షరరూపంలో పెట్టే వికీ) వంటి సమష్టి కృషిలో పాలుపంచుకునేవారికీ, ఇంజనీరింగ్ కళాశాలల్లో కోడింగ్ క్లబ్బుల బాధ్యత చూసే అధ్యాపకులకూ తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. కొత్తవారికి పని నేర్పి వారిని నిలబెట్టుకోవాలంటే ఒకరోజు శిబిరం పెట్టడం మంచిదా, ఒక్కొక్కరికి ఒక మెంటరును అప్పగించడం మంచిదా, చిన్న బృందాన్ని కొన్ని వారాలపాటు నడిపించడం మంచిదా, లేక ఎవరికి వారే చదువుకుని చేయగలిగేలా పనులను రాసిపెట్టడం మంచిదా? ఎంతమంది కొత్తవారు వస్తారన్న అంచనాను బట్టి దీన్ని తేల్చుకోవడం సరికాదని నా దృఢమైన అభిప్రాయం. వచ్చినవారు రెండోసారి ఏదైనా పని చేసినప్పుడు దాన్ని చూసి జవాబు చెప్పే మనిషి ఎవరు, ఆ మనిషికి వారానికి ఎన్ని గంటల తీరిక ఉంది అన్నవే ముందుగా తేలవలసిన లెక్కలు.

రెండోసారి అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. పక్కన కూర్చుని చూపించేవారుంటే ఒక అక్షరదోషం దిద్దడమో, ఒక చిన్న పుల్ రిక్వెస్ట్ (కోడ్‌లో చేసిన మార్పును చేర్చుకోమనే అభ్యర్థన) పంపడమో ఎవరికీ కష్టం కాదు. ఆ తరువాతి పని మాత్రం ఇంటి దగ్గరో హాస్టల్లోనో ఒంటరిగా కూర్చుని చేస్తారు, అందులో తప్పులు దొర్లుతాయి, దాన్ని ఎవరూ పట్టించుకోకపోయినా, కారణం చెప్పకుండా తీసివేసినా ఆ మనిషి మళ్లీ కనిపించకపోవచ్చు. ఇంగ్లీషు వికీపీడియాలో 2007 తరువాత చురుకైన సంపాదకుల సంఖ్య తగ్గుతూ వచ్చినప్పుడు పరిశోధకులు చూపిన ముఖ్య కారణాల్లో ఒకటి ఇదే. దుశ్చర్యలను అడ్డుకోవడానికి తెచ్చిన ఉపకరణాలూ, కఠినమైన నియమాలూ మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవారి మార్పులను కూడా తిప్పికొట్టాయి. అంత పెద్ద సముదాయానికే అది లోటయినప్పుడు, 2003 డిసెంబరులో మొదలై ఇప్పటికీ కొద్దిమంది భుజాల మీదే నడుస్తున్న తెలుగు వికీపీడియా వంటి చోట ఒక్కరు వెనుదిరిగినా కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది.

ఒకరోజు శిబిరం

ఎడిటథాన్, డెవ్‌స్ప్రింట్, వర్క్‌షాప్ అని ఏ పేరు పెట్టినా ఇది మన దగ్గర అన్నింటికన్నా ఎక్కువగా జరిగే పద్ధతి. కళాశాల యాజమాన్యానికి నచ్చుతుంది, ఫొటోలు వస్తాయి, హాజరు పట్టిక నిండుతుంది. దీని విలువను నేను తక్కువ చేయడం లేదు. పైథాన్ ప్రోగ్రామర్ల సదస్సు పైకాన్ ఇండియా 2018లోనూ, 2023లోనూ హైదరాబాదులో జరిగినప్పుడు డెవ్‌స్ప్రింట్ల కోసం కేటాయించిన సమయంలో ప్రాజెక్టు నడిపేవారి పక్కనే కూర్చుని పని చేసే అవకాశం దొరికింది. మామూలు రోజుల్లో ఎక్కడో ఉండే మెయింటెయినరుతో ముఖాముఖి మాట్లాడితే కలిగే ధైర్యం తెర మీద చదివితే రాదు. అబిడ్స్ దగ్గర గోల్డెన్ త్రెషోల్డ్‌లో తెలుగు వికీపీడియా నెలవారీ సమావేశాలు జరిగిన కాలంలో కూడా ఆ భవనం చేసిన మేలు అదే. తెర మీద వాడుకరి పేరుగా మాత్రమే తెలిసినవారు అక్కడ మనుషులుగా పరిచయమయ్యేవారు.

అయితే శిబిరం పెట్టేవారు అందులో ఎంత సమయం అసలు పనికి మిగులుతుందో ముందే లెక్క వేసుకోవాలి. వికీపీడియా విషయమే తీసుకుంటే, ఒకే ఐపీ చిరునామా (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) నుంచి రోజుకు ఆరు ఖాతాలకు మించి తెరవనివ్వరు. కళాశాల వైఫై మొత్తం ఒకే చిరునామాతో బయటికి వెళ్తుంది కాబట్టి ల్యాబులో అరవైమంది కూర్చుంటే ఏడో విద్యార్థి దగ్గరే బండి ఆగుతుంది. మినహాయింపు కావాలంటే కొన్ని రోజుల ముందే ఆ చిరునామాతో వికీమీడియా సాంకేతిక అభ్యర్థనలు తీసుకునే ఫాబ్రికేటర్ సైటులో అభ్యర్థన పెట్టాలి, లేదా విద్యార్థులందరూ ఇంటి దగ్గరే ఖాతాలు తెరుచుకుని రావాలి. తరువాత తెలుగు టైపింగ్ వస్తుంది. మాట్లాడేది తెలుగే అయినా కీబోర్డు మీద తెలుగు రాయని విద్యార్థులు చాలామంది ఉంటారు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిని చూపించి ఒత్తులు, పొల్లులు అలవాటు చేయడానికే ఒక గంట గడుస్తుంది. కోడ్ ప్రాజెక్టుల్లోనూ ఇలాంటి అడ్డు ఉంది. కోడ్‌ను ఉంచి పంచుకునే గిట్‌హబ్ సైటు 2021 ఆగస్టు నుంచి గిట్ (కోడ్ మార్పులను నమోదు చేసే సాధనం) పనులకు పాస్‌వర్డును ఒప్పుకోవడం లేదు. దానికి బదులు వాడే టోకెన్ గానీ ఎస్ఎస్‌హెచ్ కీ గానీ ముందే పెట్టుకోనివారు తమ మొదటి పుష్ (మార్పును సైటుకు పంపడం) దగ్గరే ఆగిపోతారు. ఈ అడ్డంకులన్నీ దాటేసరికి మధ్యాహ్న భోజనం వేళవుతుంది, నాలుగు గంటలకల్లా కళాశాల బస్సులు కదులుతాయి.

బహుమతి, సర్టిఫికెట్ల విషయంలో ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. డిజిటల్ ఓషన్ కంపెనీ 2014లో మొదలుపెట్టిన హాక్టోబర్‌ఫెస్ట్‌లో నిర్ణీత సంఖ్యలో పుల్ రిక్వెస్టులు పంపినవారికి టీషర్టు ఇచ్చేవారు. 2020 అక్టోబరులో పనికిమాలిన పుల్ రిక్వెస్టులు వెల్లువెత్తడంతో, తమకు ఇష్టమని ముందుగా ప్రకటించుకున్న రిపాజిటరీలకు (ప్రాజెక్టుల కోడ్ ఉండే చోట్లకు) మాత్రమే ఇది వర్తించేలా నిబంధన మార్చవలసి వచ్చింది. సంఖ్యకు బహుమతి పెడితే మనుషులు సంఖ్యనే తెస్తారు. కళాశాల సర్టిఫికెట్ తప్పనిసరిగా అడిగితే, శిబిరం జరిగిన రోజున ఇవ్వకుండా, ఒక నెల తరువాత కూడా ఏదైనా పని చేసినవారికి ఇవ్వడం మంచిదని నా సలహా.

శిబిరాన్ని ఎంచుకోదగిన సందర్భాలు రెండున్నాయి. వచ్చేవారికి ప్రాథమిక విషయాలు ముందే తెలిసి, ముఖాముఖి కూర్చుంటే తప్ప కదలని ఒక నిర్దిష్టమైన పని మిగిలి ఉండడం మొదటిది. తరువాతి వారాల్లో నడిపించే మరో ఏర్పాటు అప్పటికే సిద్ధంగా ఉండి, దానిలోకి ఎవరు రాదగినవారో తెలుసుకోవడానికి శిబిరాన్ని వాకిలిగా వాడుకోవడం రెండోది. నగరంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ విద్యార్థుల కోసం నడుపుతూ వచ్చిన వేసవి శిబిరాల్లా కొన్ని రోజుల పాటు సాగేవి దీనికన్నా మెరుగు, ఎందుకంటే మొదటి రోజు దొర్లిన తప్పును మూడో రోజు దిద్దుకునే వీలు వాటిలో ఉంటుంది.

ఒకరికి ఒకరు

ఇందులో పారితోషికంతో నడిచే కార్యక్రమాలూ ఉన్నాయి, మనంతట మనం ఏర్పాటు చేసుకునేవీ ఉన్నాయి. మన విద్యార్థులు జీసాక్ అని పిలుచుకునే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది. 2022 నుంచి అది విద్యార్థులకే పరిమితం కాదు, పద్దెనిమిదేళ్లు నిండి ఓపెన్ సోర్స్‌కు కొత్తవారైతే ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు. మొదట్లో వేసవి అంతా పూర్తి సమయం అడిగిన ఆ కార్యక్రమంలో ఇప్పుడు 90, 175, 350 గంటల పరిమాణాల్లో ప్రాజెక్టులు ఉన్నాయి కాబట్టి, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు మాత్రమే ఖాళీగా ఉండే మాదాపూర్ ఇంజనీరుకు కూడా అది అందుబాటులోకి వచ్చింది. అవుట్రీచీ మూలాలు 2006లో లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే గ్నోమ్ ప్రాజెక్టు మహిళల కోసం చేపట్టిన ప్రయత్నంలో ఉన్నాయి. అది సాంకేతిక రంగంలో వివక్షకు గురవుతున్నవారికీ, తగిన ప్రాతినిధ్యం లేనివారికీ మూడు నెలల పాటు దూరం నుంచే పని చేసే అవకాశం ఇస్తుంది. జీసాక్‌లో అభ్యర్థి రాసిన ప్రతిపాదనకు బరువు ఎక్కువ. అవుట్రీచీలో ఎంపికకు ముందే ఒక గడువులోపు ప్రాజెక్టుకు నిజమైన పని చేసి చూపడం తప్పనిసరి. ప్రతిపాదన రాయడంలో చేయి తిరగని, ఇంగ్లీషు మీద అంత పట్టులేని, పని మాత్రం శ్రద్ధగా చేసే అమ్మాయికి ఈ రెండో పద్ధతి న్యాయం చేస్తుందని నాకు అనిపిస్తుంది.

ఈ కార్యక్రమాల్లో చేరదలచిన ప్రాజెక్టు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఎంపికయ్యేది ఒకరో ఇద్దరో, దరఖాస్తు దశలో పని చేసినవారు పదుల సంఖ్యలో ఉంటారు. వారిలో కొందరు ఎంపికైనవారికి దీటుగానే చేసి ఉంటారు. ఎంపిక కాలేదన్న సమాచారంతో పాటు, వారు పంపిన ప్యాచ్ (కోడ్ మార్పు) ఎక్కడ ఉపయోగపడిందో, ఇష్టమైతే తరువాత ఏం చేయవచ్చో నాలుగు వాక్యాలు రాసి పంపడానికి మెంటరుకు ఒక సాయంత్రం పడుతుంది. ఆ సాయంత్రం కేటాయించలేని ప్రాజెక్టు ఆ ఏడాది దరఖాస్తు చేయకపోవడమే మంచిదని నేను అంటాను.

పారితోషికం లేకుండా, మనకు మనమే జతలు కట్టే పద్ధతిలో నేర్చుకునేవారికి అందే లోతు మరే పద్ధతిలోనూ అందదు. ఏ ప్రశ్న అడిగినా నవ్వరన్న భరోసా ఉంటుంది, తన వేగాన్ని బట్టి పాఠం నడుస్తుంది. బలహీనత కూడా అక్కడే ఉంది. మెంటరుకు ఆఫీసులో రిలీజ్ వారం వచ్చినా, ఇంట్లో పెళ్లి ఉన్నా ఆ జత మొత్తం నిలిచిపోతుంది. మొహమాటం కొద్దీ కొత్తవారు గుర్తు చేయరు, అపరాధభావం కొద్దీ మెంటరు పలకరించరు, నెల గడిచాక ఇద్దరూ తప్పుకుంటారు. అందువల్ల ప్రతి జతకూ రెండో మెంటరును పేరుతో సహా ముందే ప్రకటించాలి, ఉద్యోగం చేసే ఏ మెంటరుకూ ఒకేసారి ఇద్దరికి మించి అప్పగించకూడదు. వయసులో, హోదాలో తేడా ఎక్కువగా ఉన్న జతల్లో "సార్, మీరు చెప్పినట్టే చేస్తాను" అన్న ధోరణి త్వరగా వస్తుంది. ఓపెన్ సోర్స్‌లో ఎదుటివారి కోడ్‌ను ప్రశ్నించడం కూడా పనిలో భాగమే కాబట్టి, తన సొంత ప్యాచ్‌ను కొత్తవారి చేత రివ్యూ చేయించుకోవడం మెంటరు మొదటి పక్షం రోజుల్లోనే మొదలుపెట్టాలి.

చిన్న బృందం, కొన్ని వారాలు

ఆరుగురు లేదా ఎనిమిదిమంది, ఆరు వారాలు, వారానికి ఒక గంట ఆన్‌లైన్‌లో, నెలకు ఒకసారి ఎదురెదురుగా. మన నగరంలో తెలుగు భాషా ప్రాజెక్టులకూ, వాలంటీర్లతో నడిచే చిన్న సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకూ నేను మొదట సూచించేది ఈ పద్ధతినే. మెంటరు ఒక వారం రాలేకపోయినా బృందం కూడుతుంది. ఒకరి సందేహానికి మరొకరు జవాబు చెప్పగలుగుతారు, చెప్పడం వల్ల చెప్పినవారికి కూడా విషయం గట్టిపడుతుంది. మూడో వారం నుంచి ఒకరి పనిని మరొకరు సరిచూసేలా పెడితే మెంటరు మీద భారం సగానికి తగ్గుతుంది.

దూరాలు ఇక్కడ ముఖ్యం. ఘట్‌కేసర్ వైపు కళాశాలలో చదివే విద్యార్థి గండిపేట వైపు జరిగే సమావేశానికి రావాలంటే ఆదివారంలో సగం ప్రయాణానికే పోతుంది. మియాపూర్–ఎల్బీనగర్, నాగోల్–రాయదుర్గం మెట్రో మార్గాలు అమీర్‌పేటలో కలుస్తాయి కాబట్టి ఆ చుట్టుపక్కల ఒక గది దొరికితే నగరం నాలుగు దిక్కుల నుంచీ రావడం వీలవుతుంది, హాస్టల్ గేటు మూసే వేళకు అమ్మాయిలు తిరిగి చేరుకోగలుగుతారు. వారపు సమావేశం రాత్రి తొమ్మిది తరువాత పెడితే ఉద్యోగస్థులకు అనుకూలమే గానీ చిన్న పిల్లలున్న తల్లులకు కుదరదు. ఆ సమయాన్ని చేరేవారిని అడిగి నిర్ణయించడం మేలు, నిర్వాహకుల అలవాటును బట్టి నిర్ణయిస్తే ఎవరు రాకుండా పోయారో కూడా తెలియదు.

దీని పరిమితి ఒకటే, మొదటి రెండు వారాల్లో ఎవరో ఒకరు వెనుకబడతారు. వారిని గుంపులో అడగకుండా విడిగా ఫోన్ చేసి పలకరించే బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పగించాలి.

రాసిపెట్టిన దారి

మనిషి లేకుండా నడిచేదిగా దీన్ని చాలామంది భావిస్తారు. గిట్‌హబ్‌లో కొన్ని ఇష్యూలకు (చేయవలసిన పనులుగా నమోదైనవాటికి) గుడ్ ఫస్ట్ ఇష్యూ అని లేబుల్ అతికించి, ఎలా పాల్గొనాలో చెప్పే కంట్రిబ్యూటింగ్ ఫైలు ఒకటి రాసేస్తే సరిపోతుందని అనుకుంటారు. "సెట్టింగ్స్ పేజీలో తెలుగు సరిగా రావడం లేదు" అని ఒక్క ముక్క రాసి లేబుల్ పెడితే అది ప్రాజెక్టును ఏళ్లుగా ఎరిగినవారికి మాత్రమే అర్థమయ్యే పని. ఏ ఫైలు తెరవాలి, ఏ ఫోను మీద చూస్తే లోపం కనిపిస్తుంది, సరిచేశాక ఎలా ఉండాలి, సందేహం వస్తే ఎవరిని పేరుతో అడగాలి అన్నవి రాయడానికి మెయింటెయినరుకు అరగంట పడుతుంది. తానే ఐదు నిమిషాల్లో చేసేయగల పని కోసం అరగంట వెచ్చించి వివరం రాయడానికి మనసొప్పాలి, ఈ పద్ధతిలో మెంటరింగ్ అంటే అదే.

దీన్ని యంత్రాంగంలోనే ఇమిడ్చిన చోట్ల నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. వికీపీడియాలో కొత్త ఖాతా తెరిచినవారికి ఇప్పుడు ఒక హోంపేజీ కనిపిస్తుంది, అందులో తేలికైనవి, కష్టమైనవి అని విడదీసిన పనులూ, ప్రశ్న అడగడానికి ఒక మెంటరు పేరూ ఉంటాయి. ఫైర్‌ఫాక్స్ అనువాదం జరిగే పాంటూన్‌లో కొత్తవారు సూచన మాత్రమే ఇవ్వగలరు, ఆ భాషా బృందంలో అనుభవమున్నవారు దాన్ని ఆమోదిస్తారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మానవతా బృందం వాడే టాస్కింగ్ మేనేజరులో ప్రాంతాన్ని చిన్న చదరాలుగా విభజించి, ఒకరు గీసిన చదరాన్ని మరొకరు సరిచూస్తారు.

వీటన్నిటిలో నాకు అత్యంత ఇష్టమైనది వికీసోర్స్ ఏర్పాటు. స్కాన్ చేసిన పుస్తకంలోని ప్రతి పుటకూ ఒక రంగు ఉంటుంది. ఎవరూ దిద్దనిది ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, మరొకరు సరిచూస్తే ఆకుపచ్చ. పసుపు చేసినవారే ఆకుపచ్చ చేయడానికి వీల్లేదు. అంటే కొత్తవారు దిద్దిన ప్రతి పుటనూ రెండో మనిషి చదవక తప్పదు. ఆ రెండో మనిషి మౌనంగా బొత్తాం నొక్కి వెళ్లిపోవచ్చు, లేదా చర్చ పేజీలో ఇలా రాయవచ్చు: "నమస్కారమండీ. ఈ పుటలో 'వఱకు' అన్న మాటను మీరు 'వరకు' అని మార్చారు. ఇప్పటి వాడుకలో అదే సరి. కానీ వికీసోర్స్‌లో అచ్చులో ఉన్నది ఉన్నట్టే ఉంచుతాం కాబట్టి ఆ ఒక్క మాటను వెనక్కి మార్చాను. అరసున్నలన్నీ మీరు జాగ్రత్తగా పట్టుకున్నారు, ఓసీఆర్ వాటిని వదిలేసింది. తరువాతి పుట ఇంకా ఎరుపులోనే ఉంది, వీలైతే చూడగలరు." (ఓసీఆర్ అంటే స్కాన్ బొమ్మ నుంచి అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్.) ఏం మార్చారో, ఎందుకు మార్చారో, ఏది బాగా చేశారో, తరువాత ఏం చేయవచ్చో నాలుగూ ఇందులో ఉన్నాయి. తొలి పుటలో ఆధునిక వర్ణక్రమం వైపు మొగ్గడం సహజమైన పొరపాటు. ఈ సందేశం అందుకున్నవారు దాన్ని మళ్లీ చేయరు, కారణం తెలియకుండా తమ మార్పు మాయమైనవారు మాత్రం తమకు తెలుగు రాదేమోనని అనుమానపడతారు.

పనిని ఇలా చిన్న ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కనూ రెండో మనిషి చూసేలా అమర్చగలిగితే రాసిపెట్టిన దారినే ఎంచుకోండి. పాత కోడ్‌ను ఒక పద్ధతి నుంచి మరో పద్ధతికి మార్చడం, వ్యాసాల మీద వచ్చిన వివాదాన్ని తీర్చడం వంటి పనులు అలా ముక్కలు కావు, వాటికి మనిషి పక్కన ఉండవలసిందే.

ప్రశ్నలు అడిగే చోటు

ఏ పద్ధతిని ఎంచుకున్నా ప్రశ్నలు అడగడానికి ఒక చోటు కావాలి. ఇంగ్లీషు వికీపీడియా 2012లో కొత్తవారి కోసమే టీహౌస్ అన్న పేజీని తెరిచింది, తెలుగు వికీపీడియాలో రచ్చబండ ఉంది. మన వాళ్లు సౌకర్యం కోసం వాట్సాప్ గ్రూపు పెడతారు. అక్కడ జవాబు వేగంగా వస్తుంది, నిజమే. కానీ అదే ప్రశ్న మరుసటి నెల మరొకరు అడిగినప్పుడు పాత జవాబు ఎవరికీ దొరకదు, పైగా చేరిన ప్రతి అమ్మాయి ఫోన్ నంబరు ముక్కూ ముఖం తెలియని వంద మందికి కనిపిస్తుంది. ఈ రెండో కారణం ఒక్కటి చాలు, బహిరంగ పేజీని గానీ, నంబరు దాచుకోగల వేదికను గానీ ఎంచుకోవడానికి.

ఎవరు ఏది ఎంచుకోవాలి

ఒకే మెయింటెయినరు ఉండి, వారానికి రెండు గంటలకు మించి తీరిక లేని ప్రాజెక్టు శిబిరాల జోలికీ, జీసాక్ జోలికీ పోకుండా, ఆ రెండు గంటల్లో మూడు ఇష్యూలను వివరంగా రాసి, వచ్చిన ప్రతి పుల్ రిక్వెస్టుకూ రెండు రోజుల్లోపు జవాబివ్వడం మేలు. పూర్తి రివ్యూ చేయలేకపోతే "చూశాను, ఆదివారం వివరంగా రాస్తాను" అన్న ఒక వాక్యమైనా పంపాలి. ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులున్న భాషా బృందానికి ఆరు వారాల చిన్న బృందం సరిపోతుంది. కళాశాల క్లబ్బు బాధ్యులు శిబిరంతో మొదలుపెట్టవచ్చు గానీ, శిబిరం తేదీని ఖాయం చేసే ముందు ఆ తరువాతి నాలుగు వారాల పాటు విద్యార్థుల పనిని సరిచూస్తామని రాతపూర్వకంగా ఒప్పుకున్న ఇద్దరి పేర్లు చేతిలో ఉండాలి. ఆ పేర్లు దొరకకపోతే తేదీని వాయిదా వేయడమే మంచిది. స్థిరమైన మెయింటెయినర్లు, ప్రత్యామ్నాయ మెంటర్లు ఉన్న పెద్ద ప్రాజెక్టుకు పారితోషికంతో కూడిన కార్యక్రమం తగినది.

నేర్చుకోదలచినవారు కూడా ఇదే కొలతతో ప్రాజెక్టును ఎంచుకోవచ్చు. గిట్‌హబ్‌లో మెచ్చినవారు ఇచ్చిన స్టార్ల సంఖ్యనో, కంపెనీ పేరునో చూడడం కన్నా, గత నెలలో కొత్తవారు పంపిన పుల్ రిక్వెస్టులను పది తెరిచి చదవండి. మొదటి జవాబు ఎన్నాళ్లకు వచ్చింది, మెర్జ్ చేయనివాటికి (ప్రాజెక్టులో చేర్చుకోనివాటికి) కారణం రాశారా, అదే మనిషి మళ్లీ ఏదైనా పంపారా అన్నవి అక్కడే కనిపిస్తాయి. వికీపీడియాలోనైతే కొత్త వాడుకరుల చర్చ పేజీలు తెరిచి, స్వాగతం మూస (ముందే రాసిపెట్టిన సందేశం) కింద మనిషి స్వయంగా రాసిన వాక్యం ఏదైనా ఉందేమో చూడండి.

ప్రస్తుతం కొత్తవారిని చూసుకోగల స్థితిలో లేని ప్రాజెక్టు ఆ మాటను రీడ్‌మీలో (ప్రాజెక్టును పరిచయం చేసే ఫైలులో) మొదటి పేరాలోనే రాయాలి, మళ్లీ ఏ నెల నుంచి తీసుకోగలరో కూడా చెప్పాలి. గుడ్ ఫస్ట్ ఇష్యూ లేబుళ్లను అప్పటివరకు తీసివేయాలి, అప్పటికే తెరిచి ఉన్న పుల్ రిక్వెస్టులకు ఒక్కొక్క వాక్యం చొప్పున జవాబు రాసి ఆ తరువాతే విరామం తీసుకోవాలి.